నాన్నగారికి నిద్ర తక్కువ. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) భయం ఉందా?

నాన్నగారికి 68. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగింటికే లేచిపోతారు, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు. గురక విపరీతం. రోజూ నిద్రమాత్ర అల్ప్రాజోలం 0.25 మి.గ్రా. వేసుకుంటారు. ఏం చూసుకోవాలి?

జవాబు 1:
బ్రిటన్‌లోని వైట్‌హాల్-2 అధ్యయనం 2021 ఫలితాల్లో, 50 నుంచి 70 ఏళ్ల దాకా ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్లకు డిమెన్షియా ముప్పు సుమారు 30 శాతం ఎక్కువ కనిపించింది. అంతమాత్రాన నిద్రలేమే కారణమని రుజువైనట్టు కాదండీ. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) వల్ల మెదడులో వచ్చే మార్పులు మతిమరుపుకు ఏళ్ల ముందే మొదలై నిద్రను చెడగొడతాయి కూడా. నా దృష్టిలో ముందు తేల్చాల్సింది గురక.

జవాబు 2:
అవును. గురక మధ్యలో ఊపిరి ఆగి, గభాల్న ఎగశ్వాసతో మళ్లీ మొదలవుతోందేమో ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపండి. స్లీప్ స్టడీలో (నిద్రలో చేసే పరీక్ష) ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు 15 సార్లు వస్తే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో పంపే మిషన్) రాస్తే మాస్కు పట్టీలు కూర్చుని కాదు, పడుకుని, మిషన్ ఆన్ చేసి సరిచేయాలి. లేకపోతే గాలి కళ్లలోకి కొడుతుంది, అక్కడే చాలామంది మానేస్తారు.

జవాబు 3:
అల్ప్రాజోలం ఉన్నపళంగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి. గురకలో ఊపిరి ఆగేవాళ్లకు అది మంచిది కాదు, ఆ సంగతి కూడా డాక్టరును అడగండి. అల్ప్రాజోలం బదులు నిద్ర కోసం డైఫెన్‌హైడ్రమిన్ లాంటి జలుబు మాత్రలు వద్దు, పెద్దవాళ్లకు తికమక, మూత్రం బిగుసుకుపోవడం వస్తాయి. కునుకు మూడింటిలోపు, అరగంట చాలు. కలలో కొట్లాడుతున్నట్టు చేతులు విసురుతుంటే న్యూరాలజిస్టుకు చూపించండి, అది పార్కిన్సన్స్‌కో లూయీ బాడీ డిమెన్షియాకో (డిమెన్షియాలో మరో రకం) తొలి గుర్తు కావచ్చు.