బ్రెగ్జిట్ ఓటు తర్వాత జనం స్పందన: ఏ లెక్క నిలుస్తుంది, ఏది గాలి కబురు?

సాంబ_సందేహాలు (ప్రశ్న)

2016 బ్రెగ్జిట్ ఓటు (యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ వెళ్లిపోవాలా అన్న ఓటు) తర్వాత బ్రిటన్ జనం ఎలా స్పందించారన్న దాని మీద డిగ్రీ పిల్లల చర్చకు ఒక నోట్ తయారు చేస్తున్నాను. తెలుగులో దొరికిన వ్యాసాలన్నీ అవే నాలుగు ముక్కలు తిప్పి తిప్పి రాస్తున్నాయి. ఓటేసి వచ్చాక "ఈయూ అంటే ఏంటి" అని గూగుల్లో వెతికారట. మళ్లీ ఓటింగ్ పెట్టమని 40 లక్షల మంది సంతకాలు చేస్తే ప్రభుత్వం పక్కన పడేసిందట. కుర్రాళ్లలో మూడో వంతు మందే ఓటేశారట. 52-48 తేడాతో అంత పెద్ద నిర్ణయం అసలు చెల్లదట. వీటిలో ఏవి నిలుస్తాయి? పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే చెప్పడానికి అంకెలు కావాలి, అభిప్రాయాలు వద్దు.

లెక్కల_పుల్లయ్య

సాంబ గారూ, ముందు అసలు అంకెలు రాసి పెట్టుకోండి. పోలింగ్ 2016 జూన్ 23, గురువారం. లీవ్‌కు (వెళ్లిపోవాలి) 1,74,10,742 ఓట్లు, రిమైన్‌కు (ఉండాలి) 1,61,41,241. తేడా 12,69,501. పోలింగ్ 72.2 శాతం. చెల్లని ఓట్లు 25,359, అంటే తేడా ముందు లెక్కలోకి రానంత తక్కువ. రీకౌంటింగ్ గొడవ ఎందుకు రాలేదో ఇక్కడే తెలుస్తుంది.

ఇక చెల్లుతుందా లేదా అన్న మాట. 2015లో ఈ రెఫరెండం (ప్రజాభిప్రాయ ఓటు) కోసం చేసిన చట్టంలో కనీస శాతం ఏదీ పెట్టలేదు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే. బ్రిటన్‌కు కనీస శాతం పెట్టడం తెలియక కాదు. 1979లో స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ కావాలా అని అడిగినప్పుడు, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవునంటేనే చెల్లుతుందని షరతు పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం అవునన్నాయి, కానీ మొత్తం ఓటర్లలో అది 32.9 శాతమే. అసెంబ్లీ రాలేదు. అదే కొలబద్ద 2016కు పెట్టి చూడండి: ఓటర్లు 4,65,00,001 మంది, లీవ్ ఓట్లు అందులో 37.4 శాతం. 40 శాతం గీతకు ఇంచుమించు 11.9 లక్షలు తక్కువ. కాబట్టి "ఆ షరతు ఉండి ఉంటే ఓడిపోయేది" అనొచ్చు. "చెల్లదు" అనకూడదు. ఈ రెండు వాక్యాలకు తేడా పిల్లలకు అర్థమైతే సగం చర్చ అయిపోయినట్టే.

ఇంకో మెలిక. చట్టం ప్రకారం ఆ ఓటు సలహా మాత్రమే. 2011లో ఎన్నికల విధానం మార్పు మీద పెట్టిన రెఫరెండంలో "అవునని వస్తే మంత్రి అమల్లోకి తేవాలి" అని చట్టంలోనే రాశారు. 2016 ఓటు కోసం చేసిన చట్టంలో ఆ ముక్క లేదు. కానీ ప్రభుత్వం ఇంటింటికీ పంచిన కరపత్రంలో "మీరేది నిర్ణయిస్తే అది అమలు చేస్తాం" అని అచ్చేసింది. దాదాపు 2.7 కోట్ల ఇళ్లకు, 93 లక్షల పౌండ్ల ఖర్చుతో. చట్టం ఒక మాట, కరపత్రం ఒక మాట. ఆ తర్వాత మూడేళ్ల రభసంతా ఈ సందులోంచి పుట్టిందేనని నా లెక్క. 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8-3తో పార్లమెంటు అనుమతి లేకుండా ఆర్టికల్ 50 నోటీసు (ఈయూ నుంచి వెళ్లిపోతున్నామని ఇచ్చే అధికారిక నోటీసు) ఇవ్వకూడదని చెప్పింది కూడా ఈ సందు చూసే. అంతకు ముందు నవంబరులో హైకోర్టు అదే మాట అన్నప్పుడు ఒక పెద్ద పత్రిక ముగ్గురు జడ్జీల ఫొటోలు మొదటి పేజీలో వేసి "ప్రజా శత్రువులు" అని శీర్షిక పెట్టింది. స్పందనల జాబితాలో ఇది తప్పక చేర్చండి.

చుక్కల_ముగ్గు

సంతకాల సంగతి నేను చెప్తాను. అందులో అసలు తమాషా ఎవరూ రాయరు. ఆ పిటిషన్ పెట్టింది ఫలితం వచ్చాక కాదు, అంతకు నెల ముందు, మే నెలలో. పెట్టింది లీవ్ వైపు మనిషే! తన పక్షం ఓడిపోతుందనుకుని ముందే గొడుగు తెరిచి పెట్టుకున్నాడు. వాన కురిశాక ఆ గొడుగు కిందికి అవతలి పక్షం వాళ్లు వచ్చి చేరారు.

అందులో కోరింది "మళ్లీ ఓటు పెట్టండి" అని మాత్రమే కాదు. గెలిచిన పక్షానికి 60 శాతం కంటే తక్కువ వచ్చి, పోలింగ్ 75 శాతం లోపు ఉంటే ఇంకో రెఫరెండం పెట్టాలని ఒక నియమం తెమ్మన్నారు. జూన్ 23 ఫలితం ఈ రెండింటికీ సరిపోయింది (51.9, 72.2). చిక్కల్లా ఏమిటంటే ఆట అయిపోయాక నియమం మార్చమనడం. ప్రభుత్వం ఆ మాటే చెప్పి కాదంది.

"పక్కన పడేశారు" అన్నది కూడా సరి కాదు. పార్లమెంటు పిటిషన్ల పద్ధతి ఇది: 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబివ్వాలి, 1,00,000 దాటితే చర్చకు పరిశీలిస్తారు. దీనికి జవాబూ ఇచ్చారు, సెప్టెంబరు 5న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో చర్చా జరిగింది. అయితే ఆ హాల్లో జరిగే చర్చ చివర చట్టాన్ని కదిలించే ఓటింగ్ ఉండదు. 41 లక్షలైనా లక్షైనా దొరికేది ఆ హాలే.

సంతకం చేయాలంటే పేరు, ఈమెయిల్, పోస్ట్‌కోడ్ ఇచ్చి, మెయిల్‌కు వచ్చిన లింకు నొక్కాలి. బ్రిటన్ పౌరులు ఏ దేశం నుంచైనా చేయొచ్చు కాబట్టి దేశం గడి కూడా ఉంటుంది. అక్కడే దొంగ సంతకాలు దూరాయి. వెయ్యి మంది కూడా లేని వాటికన్ సిటీ నుంచి దాదాపు 39 వేల సంతకాలు కనిపించాయి. పార్లమెంటు పిటిషన్ల కమిటీ మొత్తం 77 వేల దాకా తీసేసింది. దీన్ని పట్టుకుని "అంతా బోగస్" అన్నవాళ్లున్నారు. 41 లక్షల్లో 77 వేలంటే రెండు శాతం లోపే.

గూగుల్ సంగతి రెండు ముక్కల్లో. గూగుల్ ట్రెండ్స్ (జనం ఏం వెతుకుతున్నారో చూపే గూగుల్ సేవ) అన్నది "ఈయూ గురించి అడిగిన ప్రశ్నల్లో ఇది రెండోది" అని. ఎంతమంది అడిగారో చెప్పలేదు. ట్రెండ్స్ గ్రాఫ్‌లో 100 అంటే ఆ కాలంలో అత్యధిక స్థాయి అని అర్థం, వంద మంది కాదు, వంద శాతం కాదు. పైగా వెతికింది ఓటేసినవాళ్లో, వేయనివాళ్లో, ఇంట్లో బడి పిల్లలో అందులో తేలదు. మన దగ్గర బడ్జెట్ రోజు రాత్రి "ద్రవ్యలోటు అంటే ఏమిటి" అని వెతికేవాళ్లంతా మూర్ఖులని అంటామా?

లెక్కల_పుల్లయ్య

చుక్కల ముగ్గు గారు పిటిషన్ దుమ్ము దులిపేశారు. కుర్రాళ్ల సంగతి మిగిలింది. బ్యాలెట్ మీద వయసు ఉండదు కాబట్టి వయసువారీ పోలింగ్ లెక్క ఏదైనా సర్వే అంచనానే. బాగా తిరిగిన 36 శాతం అంకె ఓటేశారా అని అడిగి తీసింది కాదు. మామూలుగా ఓటేస్తారా, ఈసారి ఎంత ఖాయంగా వేస్తారు వంటి జవాబుల నుంచి కట్టిన అంచనా. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ వాళ్లు సర్వే చేస్తే 18-24 వయసులో నమోదైన ఓటర్లలో 64 శాతం దాకా ఓటేసినట్టు తేలింది. పెద్దల కంటే తక్కువే, కానీ మూడో వంతు కాదు. "నమోదైన" అన్న మాట మరిచిపోవద్దు. జాబితాలో పేరే లేని కుర్రాళ్లు ఆ లెక్కలో లేరు.

ఎటు వేశారన్నది గట్టి లెక్కే. సర్వేలు చేయించే బ్రిటన్ సంపన్నుడు లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ పోలింగ్ రోజున 12,369 మందిని అడిగించిన సర్వేలో 18-24 వాళ్లలో 73 శాతం రిమైన్, 65 దాటినవాళ్లలో 60 శాతం లీవ్. లీవ్ వాళ్ల మొదటి కారణంగా వలసలు అనుకుంటారు అందరూ. ఆ సర్వేలో 49 శాతం "మా నిర్ణయాలు మా దేశంలోనే జరగాలి" అన్నారు, 33 శాతం వలసలు, సరిహద్దుల అదుపు అన్నారు.

సాంబ_సందేహాలు

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు: ఫలితం తర్వాత వలసవచ్చిన వాళ్ల మీద దాడులు పెరిగాయన్నది నిజమేనా? బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు అందులో ఓటుందా? ఒకచోట ఉందని, ఒకచోట లేదని చదివాను.

లెస్టర్_దారి

ఓటుంది. అది పాస్‌పోర్టును బట్టి కాదు, కామన్‌వెల్త్‌ను (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాల కూటమి) బట్టి. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల జాబితానే రెఫరెండానికి వాడారు. అందులో బ్రిటిష్, ఐరిష్ పౌరులతో పాటు బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్‌వెల్త్ పౌరులు ఉంటారు. 18 నిండి, వీసా ఉండి, జాబితాలో పేరు నమోదైతే గుంటూరు నుంచి ఎంఎస్‌కు వెళ్లిన విద్యార్థి కూడా ఓటేయొచ్చు. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఫ్రెంచి నర్సుకు ఓటు లేదు. మాల్టా, సైప్రస్ వాళ్లకు మాత్రం ఉంది, అవి కామన్‌వెల్త్ దేశాలు కాబట్టి. విదేశాల్లో 15 ఏళ్లు దాటి ఉన్న బ్రిటిష్ పౌరులకూ, 16-17 ఏళ్ల పిల్లలకూ అప్పుడు లేదు, 2014 స్కాట్లాండ్ ఓటులో ఆ పిల్లలు వేసినా సరే. ఫలితం తర్వాత యూరప్ వాళ్ల కడుపుమంటలో ఎక్కువ భాగం ఇదే: "మా బతుకు మీద ఓటు, మాకే ఓటు లేదు."

నమోదు గడువు జూన్ 7 అర్ధరాత్రి. ఆ రాత్రి పదింపావు ప్రాంతంలో రద్దీకి వెబ్‌సైట్ కూలిపోయింది. గడువును 9వ తేదీ అర్ధరాత్రి దాకా పెంచారు.

భారత సంతతి ఎక్కువున్న చోట్ల ఫలితం ఒకేలా లేదు. లెస్టర్ 51.1 శాతం రిమైన్, స్లావ్ 54.3 శాతం లీవ్. దీన్నిబట్టి "స్లావ్ భారతీయులు లీవ్ వేశారు" అని రాయకండి. ఏరియా మొత్తం లెక్క అది, జాతివారీ లెక్క కాదు. ఆష్‌క్రాఫ్ట్ సర్వేలో ఆసియన్లలో 67 శాతం రిమైన్. మిగతా మూడో వంతుకు ఒక ఎర ఉంది: యూరప్ వాళ్లకు తలుపు మూస్తే కరీ రెస్టారెంట్ల వంటవాళ్లకు వీసాలు దొరుకుతాయని అప్పటి బ్రిటన్ మంత్రి ప్రీతి పటేల్ ప్రచారం చేశారు. ఆ తర్వాత రెస్టారెంట్ల సంఘాలే మోసపోయామని వాపోయాయి.

దాడుల సంగతికి హోం ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) లెక్క వాడండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2016 జులైలో జాతి, మత ద్వేషంతో కూడిన నేరాలు 5,468 నమోదయ్యాయి, 2015 జులైలో 3,886. 41 శాతం పెరుగుదల. నమోదు చేయడమూ పెరిగి ఉండొచ్చన్న ఒక్క ముక్క పక్కన రాయండి. సంఘటన ఒకటి కావాలంటే, జూన్ 26న లండన్ హామర్‌స్మిత్‌లో పోలిష్ సాంస్కృతిక కేంద్రం తలుపు మీద రాసిన రాతలు. వారం తిరక్కుండానే స్థానికులు ఆ తలుపు దగ్గర పూలు, కార్డులు పెట్టారు. రెండూ కలిపి చెప్పండి.

ఓల్డ్‌సిటీ_చాయ్

మన విభజన కంటే నయం కదండీ, వాళ్లు జనాన్ని అడిగైనా చేశారు.

చుక్కల_ముగ్గు

చాయ్ గారూ, పోలిక అతకదు. మన రాజ్యాంగంలో రెఫరెండమే లేదు. ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పికొట్టినా ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది అందుకే. పైగా అది దేశం లోపలి విభజన, ఇది కూటమి నుంచి బయటికి పోవడం. ఈ దారం అటు మళ్లితే ఇక తెగదు, ఇక్కడితో ఆపుదాం.

పెన్సిల్_ముక్క

ఎవరూ చెప్పనిది ఒకటి. పోలింగ్ రోజున పెద్ద గోల పెన్సిల్ మీద. బూత్‌లో పెన్సిళ్లు పెడతారు కాబట్టి గూఢచారులు చెరిపేసి మారుస్తారని లీవ్ వాళ్లు కొందరు "సొంత పెన్ను తెచ్చుకోండి" అని ప్రచారం చేశారు. పెన్సిల్ పెట్టేది ఎందుకంటే, కాగితం మడిస్తే పెన్ను సిరా అవతలి గడికి అంటుకుని రెండు గుర్తులైనట్టు కనిపించొచ్చు. సొంత పెన్ను వాడుకోనిస్తారు కూడా. గెలిచేసరికి ఆ గోల ఒక్కసారిగా మాయం.

ఫలితం రాత్రి స్పందనకు గడియారం కావాలంటే పౌండును చూడండి. ఎగ్జిట్ పోల్ లేదు. అది ఎన్నికల్లో పోయినసారి అవే బూత్‌లతో పోల్చి మార్పు లెక్కేసే పద్ధతి, ఇక్కడ పోల్చడానికి పోయినసారి లేదు. పది గంటలకు పోలింగ్ ముగియగానే లీవ్ పక్షం నాయకుడు నైజెల్ ఫరాజ్ స్వయంగా "రిమైన్ గట్టెక్కేలా ఉంది" అన్నారు. పౌండు 1.50 డాలర్లకు ఎక్కింది. అర్ధరాత్రి న్యూకాసిల్‌లో రిమైన్‌కు 50.7 శాతమే వచ్చింది, ఆ వెంటనే సండర్‌లాండ్‌లో లీవ్ 61.3. తెల్లారేసరికి పౌండు 1.33 దగ్గర, 1985 తర్వాత అంత కిందికి ఎప్పుడూ పోలేదు.

లెస్టర్_దారి

"తర్వాత పశ్చాత్తాపపడ్డారా" అని పిల్లలు తప్పక అడుగుతారు సాంబ గారూ. మొదటి వారం టీవీలో కనిపించిన ఇద్దరు ముగ్గురి మాట వదిలేయండి. యూగవ్ అనే సర్వే సంస్థ ఒకే ప్రశ్న ఏళ్ల తరబడి అడుగుతోంది: వెళ్లిపోవాలని ఓటేయడం ఒప్పా, తప్పా? 2016 ఆగస్టులో ఒప్పు అన్నవాళ్లే ఎక్కువ. ఏడాది తిరిగాక తూకం మారింది, 2022 తర్వాత సగానికి పైగా తప్పే అంటున్నారు. అయితే మారింది లీవ్ వాళ్ల మనసే కాదు. అప్పుడు ఓటు లేని పిల్లలు ఓటర్లయ్యారు, అప్పటి పెద్దలు కొందరు పోయారు, ఓటేయనివాళ్లు ఇప్పుడు అభిప్రాయం చెబుతున్నారు. "మళ్లీ చేరదామా, యూరో నోటుతో సహా" అని అడిగితే సుముఖత పడిపోతుంది. ప్రశ్న పూర్తి పాఠం చూడకుండా అంకె ఎత్తి రాయకండి.

సర్వే కంటే గట్టి సాక్ష్యం కావాలంటే పాస్‌పోర్టులు చూడండి. తాతో అమ్మమ్మో ఐర్లాండ్‌లో పుట్టి ఉంటే, విదేశీ జననాల రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకుని ఐరిష్ పాస్‌పోర్టు తీసుకోవచ్చు. ఉత్తర ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లలో ఎక్కువ మందికి ఆ మెట్టు కూడా అక్కర్లేదు. ఫలితం వచ్చిన రోజునే బెల్‌ఫాస్ట్‌లో ఒక పోస్టాఫీసులో ఆ దరఖాస్తు ఫారాలు అయిపోయాయి. లీవ్ వైపు నిలబడ్డ డీయూపీ (బ్రిటన్‌తోనే ఉండాలనే ఉత్తర ఐర్లాండ్ పార్టీ) ఎంపీ ఇయాన్ పైస్లీ జూనియర్ కూడా, అర్హత ఉంటే తీసుకోమని తన నియోజకవర్గం వాళ్లకు సలహా ఇచ్చారు.