ఫాక్‌ల్యాండ్ తోడేలు ఆ దీవుల్లోకి ఎలా వచ్చింది? డీఎన్ఏ చెప్పే రెండు లెక్కల్లో ఏది నమ్మాలి?

గోదారి గట్టు:
అందరికీ నమస్తే. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణం గురించి చదువుతుంటే ఈ ఫాక్‌ల్యాండ్ తోడేలు తగిలింది, ఇక బుర్రలోంచి పోవట్లేదు. అర్జెంటీనా తీరం నుంచి దాదాపు 460 కిలోమీటర్ల దూరంలో నడి సముద్రంలో దీవులు, అక్కడ నేల మీద తిరిగే సొంత క్షీరదం ఇదొక్కటే అంట, ఎలుక కూడా లేదు. మరి ఇదొక్కటే ఎలా వెళ్లింది? డార్విన్ 1833లో, 34లో వెళ్లి చూశాడు, ఇది కూడా డోడో దారే పడుతుందని అప్పుడే రాసేశాడు, 1876కల్లా నిజంగానే అయిపోయింది. చర్మాల కోసం కొందరు, గొర్రెల్ని తింటోందని విషం పెట్టి కొందరు చంపేశారు. సరే నా డౌట్ ఏంటంటే, ఒకచోట దీనికి దగ్గరి చుట్టం మేన్డ్ వోల్ఫ్ (దక్షిణ అమెరికాలో ఉండే పొడుగు కాళ్ల అడవి కుక్క), విడిపోయి 67 లక్షల ఏళ్లయింది అని ఉంది, ఇంకోచోట 16 వేల ఏళ్లే అని ఉంది. రెండూ డీఎన్ఏతోనే తేల్చారంట! ఇంత తేడా వస్తే నమ్మేదెలా? నేను కామర్స్ వాణ్ణి, కొంచెం మెల్లగా చెప్పండి.

ఎముకల పిచ్చి:
రెండూ కరెక్టే అండి, కాకపోతే రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. 2009లో మ్యూజియంల్లో ఉన్న ఐదు తోడేళ్ల నుంచి డీఎన్ఏ తీశారు, వాటిలో ఒకటి డార్విన్ స్వయంగా పట్టుకొచ్చిందే. దాన్ని ఇప్పుడు బతికున్న దక్షిణ అమెరికా నక్కలు, అడవి కుక్కలతో పోల్చి చూస్తే అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది మేన్డ్ వోల్ఫ్, అదీ 67 లక్షల ఏళ్ల దూరంలో. అప్పటికి ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య నేల దారే లేదు, అంటే ఈ రెండూ విడిపోయింది ఉత్తర అమెరికాలో ఉన్నప్పుడే అనుకోవాలి. దీంతో చిక్కు విడకపోగా ఇంకా పెరిగింది.

అసలు సంగతేంటంటే దగ్గరి చుట్టాలెవరూ రాని పెళ్లిలో దూరపు బాబాయే దగ్గరోడిలా కనిపిస్తాడు కదా, ఇక్కడ జరిగిందదే. నిజమైన దగ్గరి చుట్టం డ్యుసిసియాన్ ఏవస్ అనే నక్క, అది ఖండం మీద కొన్ని వందల ఏళ్ల క్రితం వరకూ ఉండి అదీ పోయింది, అందుకే 2009 లిస్టులో లేదు. 2013లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ టీమ్ చిలీ, అర్జెంటీనాల్లో దొరికిన ఆ నక్క ఎముకల నుంచి డీఎన్ఏ తీసి పక్కన పెట్టి చూస్తే రెండూ విడిపోయి సుమారు 16 వేల ఏళ్లే అని వచ్చింది. అంటే ఐస్ ఏజ్ చివరి రోజులు. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకి పైనే కిందికి ఉండేది, అర్జెంటీనా తీరం బాగా ముందుకొచ్చి ఫాక్‌ల్యాండ్‌కి మధ్య 20, 30 కిలోమీటర్ల సన్నటి నీళ్లే మిగిలాయని, అవి అప్పుడప్పుడు గడ్డకట్టేవని వాళ్ల అంచనా. నక్కకి ఐస్ మీద పెంగ్విన్లు, సీల్స్ దొరుకుతాయి కాబట్టి తింటూ నడిచి పోగలదు, ఎలుక పోలేదు. ఇదొక్కటే ఎలా వెళ్లిందన్న మీ మొదటి ప్రశ్నకీ జవాబు ఇందులోనే ఉంది.

వరంగల్ వాసి:
మంచిగ చెప్పిన్రు అన్నా, గాని నాకైతే ఐస్ కథ మీద పూర్తిగ నమ్మకం లేదు. డీఎన్ఏ చెప్పేది రెండు గుంపులు ఎప్పుడు విడిపోయినయో అంతే గదా, దీవిల ఎప్పుడు కాలు పెట్టినయో అది చెప్పదు. ఖండం మీదనే రెండు గుంపులై, అందులో ఒకటి మస్తు లేటుగ దీవికి పోయిండొచ్చు. పైగా ఆ 16 వేలు కూడ ఒక్క నంబర్ కాదు, 8 వేల నుంచి 31 వేల దాక ఎక్కడైనా ఉండొచ్చని వాళ్ల పేపర్లనే ఉన్నది. ఇంకోటి, యూరప్ ఓడలు పోకముందే ఆ దీవులల్ల మనుషులు తిరిగిన గుర్తులు ఉన్నయని 2021ల ఒక పేపర్ వచ్చింది, పాత బొగ్గు పొరలు, కుప్పలుగ పడున్న సీ లయన్, పెంగ్విన్ ఎముకలు చూపించిన్రు. 2024ల ఇంకోటి వచ్చింది, అర్జెంటీనాల ఒక పాత శ్మశానంల మనుషుల పక్కన ఈ ఏవస్ నక్కను కూడ పాతిపెట్టిన్రు, దగ్గర దగ్గర 1500 ఏండ్ల కిందటిది. అంటే దాన్ని సాదుకున్నరేమో. మరి పడవల ఎక్కించుకొని పోయిండ్రేమో ఎవరికెరుక? ఆ తోడేలు మనుషులకు అసల్కే భయపడకపోయేదని నావికులందరు రాసిన్రు గదా.

ఎముకల పిచ్చి:
విడిపోయిన టైమ్ వేరు, చేరిన టైమ్ వేరు అన్న పాయింట్ నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా తమ్ముడూ, న్యూస్ సైట్లు రెండూ కలిపేసి రాస్తాయి. భయం లేకపోవడం మాత్రం సాక్ష్యం కాదు, వేటాడేవాళ్లు లేని దీవుల్లో పక్షులు కూడా అలాగే ఉంటాయి. 1690లో జాన్ స్ట్రాంగ్ అనే ఇంగ్లిష్ కెప్టెన్ ఒకదాన్ని ఓడలో తీసుకెళ్తుంటే ఫిరంగి మోతకి బెదిరి సముద్రంలోకి దూకేసింది పాపం, మరీ అంత సాధు జంతువేం కాదు. దీవిలో ఏ మట్టి పొరలోనో 5, 6 వేల ఏళ్ల నాటి తోడేలు ఎముక ఒక్కటి బయటపడితే ఈ మనుషుల థియరీ బాగా ఇబ్బందుల్లో పడుతుంది.

కొండగొర్రె:
ఎవరితో పోలుస్తున్నాం అన్నదే కాదండి, ఎంత పొడుగు డీఎన్ఏ దొరికిందన్నది కూడా ముఖ్యమే. స్పెయిన్ దగ్గర మయోర్కా, మెనోర్కా దీవుల్లో మయోట్రాగస్ అని మేకలాంటి బుల్లి జంతువు ఉండేది, 1909లో డొరతియా బేట్ దానికి పేరు పెట్టింది. కళ్లు మన కళ్లలా ముందుకి ఉండేవి, విచిత్రం. మొదట్లో దొరికిన చిన్న డీఎన్ఏ ముక్కల్ని బట్టి గొర్రెల చుట్టం అనుకున్నారు. 2019లో మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి వైపు నుంచి వచ్చే చిన్న డీఎన్ఏ) మొత్తం చదివాక తేలిందేంటంటే దగ్గరి చుట్టం టాకిన్ అంట! మన అరుణాచల్ కొండల్లో, భూటాన్లో తిరిగే, మేక జాతికి చెందిన పెద్ద జంతువు. మధ్యధరా దీవి ఎక్కడ, మిష్మి కొండలు ఎక్కడ.

గోదారి గట్టు:
అందరికీ థాంక్స్ అండి, 67 లక్షలు, 16 వేలు ఇప్పుడు క్లియర్. ఇంకొక్క డౌట్, ఇదే పని అండమాన్లో దొరికే పాత ఎముకల మీద చేయొచ్చా? హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు చేస్తారు కదా ఇలాంటివి.

ల్యాబ్ కోటు:
చేతగాక కాదండి, ఎండా తేమా చేయనివ్వవు. సీసీఎంబీ వాళ్లు భాగమైన రూప్‌కుండ్ అస్థిపంజరాల స్టడీ 2019లో వచ్చింది, 38 మంది డీఎన్ఏ చదివారు, కానీ అది హిమాలయాల్లో 5 వేల మీటర్ల ఎత్తున మంచులో ఉన్న సరస్సు. వేడి దీవుల్లో డీఎన్ఏ తొందరగా ముక్కలు ముక్కలైపోతుంది, దొరికిన కాస్తలోనూ సగానికి పైగా బ్యాక్టీరియాదే ఉంటుంది. ఇండోనేషియా ఫ్లోరెస్ దీవిలో దొరికిన హాబిట్ మనిషి (అంతరించిపోయిన పొట్టి మానవ జాతి) నుంచి ఇన్నేళ్లైనా డీఎన్ఏ తీయలేకపోయింది అందుకే. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు, జమైకా గుహల్లో దొరికిన జెనోత్రిక్స్ అనే అంతరించిన కోతి ఎముకల నుంచి 2018లో తీయగలిగారు, అది దక్షిణ అమెరికా టీటీ కోతుల చుట్టం అని, దాని పూర్వీకులు దాదాపు కోటీ పది లక్షల ఏళ్ల క్రితం అక్కడికి చేరి ఉంటారని తేలింది. అండమాన్లో అయితే ముందు చల్లటి గుహలు వెతకాలి, ఎముకల్లో కూడా లోపలి చెవి చుట్టూ ఉండే పెట్రస్ ఎముక దొరికితే అదృష్టం, అది బాగా గట్టిది, డీఎన్ఏ అందులోనే ఎక్కువ మిగులుతుంది.

వరంగల్ వాసి:
కోటీ పది లక్షల ఏండ్ల కింద కోతి సముద్రం దాటిందంటే నా పడవ థియరీ అక్కడ నడవదు ఇగ 😄 కొట్టుకొచ్చిన చెట్ల మీద కూసొని పోయిండాలె.