బోరు వేయడం, బోర్ కొట్టడం: ఈ మాట ఎక్కడెక్కడి నుంచి వచ్చింది?

దేవరకొండ మాస్టారు:
ఎనిమిదో తరగతి పిల్లాడొకడు లేచి అడిగాడు, "సార్, చేన్ల వేసే బోరు, క్లాసుల కొట్టే బోరు ఒకటేనా?" అని. మంచి ప్రశ్న. నిఘంటువులు తిరగేస్తే తేలింది ఇది. రంధ్రం చేసే బోర్ పాత ఇంగ్లిష్‌లోని 'బోరియన్' నుంచి వచ్చింది, తొలవడం అని అర్థం. లాటిన్‌లో 'ఫొరారే' దీనికి చుట్టం. కాగితానికి చిల్లులు పెట్టే పర్ఫొరేషన్ ఆ లాటిన్ వైపుదే. విసుగు పుట్టించే బోర్ మాత్రం చాలా తర్వాతిది, 1760ల నుంచే రాతల్లో కనిపిస్తుంది. సాగదీసి మాట్లాడేవాడు మెల్లగా తొలిచేస్తాడన్న భావంలోంచి పుట్టిందని కొందరంటారు గానీ పండితులు ఖాయం చేయలేదు. మీ వైపు ఈ మాటను ఇంకెలా వాడతారో రాయండి. మన ఉదాహరణలతోనే పాఠం చెప్పాలని ఉంది.

మర్రిగూడ రైతుబిడ్డ:
సార్, మా దగ్గర బోరు అంటే ముందు నీళ్లు, ఆ వెంటనే అప్పు. బోరు బండి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేను దగ్గరే ఉంటాం. తెల్లటి దుమ్ము లేచినంతసేపూ ఎవరికీ నోట మాట రాదు. తడి మన్ను కనబడ్డాకే ఊపిరి. ఊరంతా అడిగేది ఒక్కటే, "ఎన్ని ఇంచులు పడ్డయి?" మా నేల కింద గ్రానైట్ రాయి. నీళ్లు ఆ రాయి పగుళ్లలోనే ఉంటాయి. అందుకే పక్క చేన్లో రెండించులు పోసినా మన చేన్లో దుమ్మే రావచ్చు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసేవాళ్లను నమ్మి మా నాన్న వరుసగా వేయించాడు, ఆ వడ్డీలు చాలా ఏళ్లు కట్టాం. నీళ్లు పడ్డ బోరులో మళ్లీ ఫ్లోరైడ్. అదీ ఆ రాళ్లలోని ఖనిజాల నుంచే నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పళ్లకు గార పట్టినవాళ్లు, నడుము వంగిపోయినవాళ్లు మా మండలంలో ఎంతమందో. పిల్లలకు ఈ అర్థం ముందు చెప్పండి సార్.

పాలమూరు ఆడబిడ్డ:
మా ఇంట్లో 'బోరింగ్' అంటే చేతిపంపు. "బోరింగ్ కాడికి పోయి రెండు బిందెలు పట్టుకరా" అనేది అమ్మ. 1970లలో తయారైన ఇండియా మార్క్ టూ పంపు అది. ఊరి ఆడవాళ్ల కబుర్లన్నీ దాని చుట్టే. ఇప్పుడు భగీరథ నల్లా ఇంట్లోకే వచ్చినా, నల్లా రాని రోజు అందరం మళ్లీ అక్కడికే.

మిర్యాలగూడ లేత్ వర్క్స్:
మా షాపులో రోజూ వినే మాట, "అన్నా, బండి బోరుకొచ్చింది." సిలిండర్ లోపలి గోడ అరిగి పిస్టన్ వదులైతే ఆయిల్ కాలి పొగ వస్తుంది. అప్పుడు ఆ గోడను కొంచెం కోసి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాం. గొట్టం లోపలి వెడల్పే బోర్, తుపాకీకైనా అంతే. 12 బోర్ అంటే పన్నెండు తూటాలు పడతాయని చాలామంది అనుకుంటారు. కాదు. పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత వెడల్పు. అందుకే 20 బోర్ దానికన్నా సన్నం.

నల్గొండ తెలుగు విద్యార్థి:
పలుకు ఒకటే అయినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు సార్. సముద్రపు పోటు గోడలా లేచి నదిలోకి ఎదురెక్కితే దాన్ని టైడల్ బోర్ అంటారు, హుగ్లీ నదిలో వస్తుంది. దాని మూలం పాత నార్స్ భాషలోని 'బారా', అంటే అల. తొలవడంతో సంబంధం లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. 'బేర్' అనే క్రియకు భూతకాలం కూడా 'బోర్'. మోసింది, ఓర్చుకుంది అని అర్థం. ఆ బేర్, సంస్కృతంలోని 'భృ' ధాతువు ఒకే తల్లి బిడ్డలు. మన భరించడం, భారం ఆ ధాతువు నుంచే వచ్చాయి. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి. "బోరున ఏడ్చింది" లోని బోరు మాత్రం అచ్చంగా మనదే, ఏడుపు చప్పుడులోంచి పుట్టింది. ఇక సైన్సు పుస్తకంలో 1913 నాటి బోర్ పరమాణు నమూనా ఉందే, అది డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బోర్ ఇంటిపేరు.

దేవరకొండ మాస్టారు:
భరించడం సంగతి నా దృష్టికి రాలేదు, చాలా సంతోషం. రైతుబిడ్డ గారూ, నీళ్లు పడని బోరును మీ వైపు ఏమంటారు?

మర్రిగూడ రైతుబిడ్డ:
ఫెయిల్ బోరు అంటాం సార్. కొందరు కేసింగ్ పైపు పీకి అమ్ముకుంటారు, గుంత అట్లనే నోరు తెరిచి ఉంటుంది. అడుగు నుంచి పైదాకా మట్టి, రాళ్లతో నింపాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీ బడి దారిలో అలాంటిది ఉంటే పిల్లలను అడిగి తెలుసుకోండి, సర్పంచ్‌కు చెప్పి పూడిపించండి.