అప్‌డేట్: ఓడలో దయ్యం నవల, మాయమైన 16 పేజీలు

విహార నౌకలో జరిగే భయానక అనువాద నవల 176వ పేజీ దాటాక అర్థం కావడం లేదని, తప్పు అనువాదానిదా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ‘ఫారాలు (పుస్తకంలో కలిపి కుట్టే పేజీల కట్టలు) సరిచూసుకోండి’ అన్నవారి మాటే నిజమైంది. కడప ఏడురోడ్ల కూడలి దగ్గర బైండింగు చేసే పెద్దాయన రెండు నిమిషాల్లో తేల్చేశారు: 16 పేజీల ఫారం ఒకటి కుట్టనే లేదు. 176 తర్వాత నేరుగా 193. ఒక పేజీలో కాఫీ తాగుతున్న కెప్టెన్‌కు మరుసటి పేజీలో అంత్యక్రియలు జరుగుతుంటే అది రచయిత శిల్పమనుకున్నాను!

అమ్మినవారు వేరే ప్రతి ఇచ్చారు. ఆత్రంగా చదివితే, కెప్టెన్ మెట్ల మీద జారిపడ్డాడట. అంతే. ఆపైన మూడు రాత్రులు ఓడంతా చీకటి. ప్రయాణికుల ఓడలో అత్యవసర విద్యుత్తు 36 గంటలైనా ఉండాలన్నది అంతర్జాతీయ నియమం; అది ఎందుకు పనిచేయలేదో ఒక్క వాక్యమైనా లేదు. అనువాదానిది తప్పు కాదు. టార్చి వెలుగులో చదవమన్న సలహా కూడా పాటించాను, మేడమీద దోమలే ఎక్కువ భయపెట్టాయి.

240వ పేజీలో ఆపేశాను. ఎవరికైనా కావాలంటే ఇస్తాను, ఈసారి పేజీలన్నీ ఉన్నాయి.