నార్వేలో మా అబ్బాయి జంప్స్ కోచింగ్: చలికాలమంతా పరుగు లేకుండానే దూకిస్తున్నారు, ఇది సరైనదేనా?

బెర్గెన్ అమ్మ:
అందరికీ నమస్కారం. మేము బెర్గెన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్లు. ఇక్కడి క్లబ్బులో లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ రెండూ నేర్చుకుంటున్నాడు. వేసవిలో బాగానే సాగింది. అక్టోబరు రాగానే బయట వాన, చీకటి. ప్రాక్టీసంతా హాల్లోకి మారింది. అక్కడ ఇసుకా లేదు, దూకే ముందు పరిగెత్తే రనప్పూ లేదు. గీత దగ్గర రెండు కాళ్లూ కలిపి నిలబడి, మోకాళ్లు వంచి, చేతులు ఊపి ఉన్నచోటు నుంచే దూకడం. రోజూ అదే. ఇంత టైమ్ దీనికి పెట్టడం దండగేమో అని నా టెన్షన్. ఇంకో మాట, ఈ రెండింటిలో ఒకటే పట్టుకోమని ఇప్పుడే చెప్పాలా? మావారేమో స్కీయింగ్ చేసే దేశంలో జంపింగ్ ఎవరు నేర్పుతారు అంటున్నారు.

పాత ట్రిపుల్ జంపర్:
అమ్మా, నేను యూనివర్సిటీ స్థాయిలో ట్రిపుల్ జంప్ చేశాను. ఇప్పుడు హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. నార్వే జంపర్ల గురించి నాకు చాలా ఏళ్లుగా ఇష్టం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

మీవారి సందేహం నుంచి మొదలుపెడతాను. ఒలింపిక్స్‌లో ఇసుక గుంత దగ్గర నార్వేకి వచ్చినవి రెండే పతకాలు, రెండూ కాంస్యాలే. 1908 లండన్‌లో ఎడ్వర్డ్ లార్సెన్ ట్రిపుల్ జంప్‌లో 14.39 మీటర్లు దూకి మూడో స్థానంలో నిలిచాడు. 1924 పారిస్‌లో స్వేర్రె హాన్సెన్ లాంగ్ జంప్‌లో 7.26 మీటర్లతో మూడోవాడయ్యాడు. పతకాల పట్టికలో ఈయనకు దక్కేది ఒక్క లైను. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ రోజు హాన్సెన్ ఎవరితో పోటీ పడ్డాడో చూడండి. గెలిచిన డిహార్ట్ హబ్బర్డ్ 7.44 దూకాడు. వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. రజతం ఎడ్వర్డ్ గౌర్డిన్‌ది, 7.27. ఈ గౌర్డిన్ 1921లోనే 7.69 దూకి ప్రపంచ రికార్డు పెట్టినవాడు. అలాంటివాడికి హాన్సెన్ ఒక్క సెంటీమీటరు దూరంలో ఆగాడు! కాలు మోపి ఎగిరే బోర్డు మీద బొటనవేలు ఎక్కడ పడిందన్న దాంట్లో పోతుంది ఆ సెంటీమీటరు. ఇంకో విశేషం ఉంది. అంతకు ముందు రోజే అదే ఒలింపిక్స్‌లో రాబర్ట్ లెజెండర్ అనే అమెరికన్ పెంటాథ్లాన్‌లో (ఐదు ఈవెంట్లు కలిపిన పోటీ) భాగంగా 7.76 దూకి కొత్త ప్రపంచ రికార్డు పెట్టాడు. లాంగ్ జంప్ పోటీలో మాత్రం అతను లేడు.

ఇక మీ అసలు ప్రశ్న. నిలబడి దూకడం ఒకప్పుడు ఒలింపిక్ ఈవెంటే, 1912 వరకు ఉండేది. తర్వాత ప్రపంచమంతా దాన్ని పక్కన పెట్టేసినా నార్వే వదల్లేదు. లాంగ్ జంప్, హై జంప్, ట్రిపుల్ జంప్ మూడింటికీ రనప్ లేకుండా జాతీయ పోటీలు పెట్టిన దేశం అది. వాళ్ల జంపర్ యోహాన్ క్రిస్టియన్ ఎవాంట్ 1962లో నిలబడిన చోటు నుంచి 3.65 మీటర్లు దూకాడు. హై జంప్‌లో రనప్ లేకుండా 1.75 మీటర్లకు పైగానే దాటాడు! తర్వాత 1968లో ఆర్నె ట్వెర్వోగ్ 3.71 దూకాడు. 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బైరన్ జోన్స్ 3.73 దూకేదాకా దాన్ని మించిన దూరం వినలేదు. మీ కోచ్ చేయిస్తున్నది ఆ దేశం దశాబ్దాలుగా కాపాడుకుంటున్న విద్య. దండగ కానే కాదు.

దాని వల్ల లాభమేంటంటే, రనప్ ఉన్నప్పుడు పిల్లల్లో చాలా లోపాలు వేగం చాటున దాక్కుంటాయి. నిలబడి దూకేటప్పుడు దాక్కునే చోటు ఉండదు. చేతులు ఆలస్యంగా లేచాయా, తుంటి పూర్తిగా తెరుచుకుందా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

రెండింటిలో ఏదన్నది ఇప్పుడే తేల్చకండి. 14 ఏళ్లకి రెండూ చెయ్యనివ్వండి, కానీ ట్రిపుల్ జంప్ మితంగా చెయ్యాలి. అందులో హాప్, స్టెప్, జంప్ అని మూడు అంచెలు. హాప్‌లో ఏ కాలితో ఎగిరాడో అదే కాలి మీద దిగాలి, స్టెప్‌కి రెండో కాలు, ఆ తర్వాత ఆఖరి జంప్. పెద్ద స్థాయిలో ఆ దిగడాల్లో ఒంటికాలి మీద పడే భారం ఒంటి బరువుకు పది రెట్లు దాటుతుంది. ఎదిగే ఎముకలకి అది చిన్న విషయం కాదు. ఈసారి మీ వాడు ట్రిపుల్ జంప్ చేసేటప్పుడు మీరు వెళ్తే కళ్లు మూసుకుని వినండి. అడుగుల చప్పుడు సమాన వ్యవధిలో వస్తే లయ కుదిరినట్టే. రెండోది పడగానే మూడోది హడావుడిగా వచ్చేస్తే స్టెప్ చిన్నదైపోయిందని అర్థం. మా పిల్లల్లో ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది అదే.

గోల్ కీపర్ 11:
హాలండ్ సంగతి ఎవరూ రాయలేదేంటి? మన ఫుట్‌బాల్ స్టార్ ఎర్లింగ్ హాలండ్ పెరిగిన ఊరు నార్వేలోని బ్రూనె. ఐదేళ్ల వయసులో, 2006లో, నిలబడి 1.63 మీటర్లు దూకాడు. ఆ వయసు పిల్లల్లో ప్రపంచంలోనే అత్యుత్తమం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లమ్మ హెప్టాథ్లాన్ (ఏడు ఈవెంట్లు కలిపిన పోటీ) అథ్లెట్. అమ్మా, మీ వాడికి ఈ సంగతి చెప్పండి, రేపటి నుంచి ఉత్సాహంగా వెళ్తాడు.

బెర్గెన్ అమ్మ:
హాలండ్ పేరు చెప్పగానే మా వాడు టేపు తెచ్చి ఇంట్లో హాల్లో దూకి కొలవడం మొదలుపెట్టాడు! మాస్టారూ, ఒక్క సందేహం. ఈ మధ్య మడమ వెనకాల నొప్పి అంటున్నాడు. పొద్దున లేవగానే కుంటుతున్నాడు, కాసేపటికి సర్దుకుంటోంది. ప్రాక్టీసు ఆపాలా?

పాత ట్రిపుల్ జంపర్:
అమ్మా, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎదిగే వయసులో మడమ ఎముక దగ్గర ఇలాంటి నొప్పి మామూలే, ఎక్కువగా విశ్రాంతితో తగ్గుతుంది. కానీ ఏమిటన్నది డాక్టరే చూసి చెప్పాలి. అప్పటిదాకా దూకడం ఆపించండి. కోచ్‌కి ఈ రోజే చెప్పండి. పోటీ దగ్గర పడిందని పిల్లలు నొప్పి దాచేస్తారు, నా దగ్గర చాలామందిని చూశాను. డాక్టరు ఒప్పుకుంటే ఈలోపు ఈత, సైకిల్, నడుము బలానికి చేసే వ్యాయామాలు చేయించొచ్చు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గట్టి నేల మీద కాకుండా మందపాటి మ్యాట్ మీదే దిగాలి, హాప్‌లు అన్నిటికంటే ఆఖర్న. ఇంట్లో టైల్స్ మీద టేపు పెట్టి దూకడం మాత్రం ఇవాళే మాన్పించండి.

గోల్ కీపర్ 11:
టేపు గోల నా వల్లే వచ్చింది అమ్మా. డాక్టరు ఏమన్నారో ఇక్కడ రాయండి, మా చెల్లెలి కొడుక్కి కూడా అచ్చం ఇలాగే ఉంది.