తొలి ఏడాది క్రిస్మస్ లైటింగ్: సీరియల్ సెట్లా, పిక్సెల్సా?

కాలవగట్టు ఇల్లు:
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డాబా ఇల్లు, ముందు గేటు, రెండు కొబ్బరి చెట్లు. ఇన్నేళ్లూ వెదురుబద్దల స్టార్ ఒక్కటే కట్టేవాళ్లం. ఈసారి ఇంటి ముందంతా లైటింగ్ పెట్టాలని, దీన్నే హాబీగా చేసుకోవాలని ఉంది. పాటకు తగ్గట్టు రంగులు మారే పిక్సెల్ లైట్ల వీడియోలు చూసినప్పటి నుంచి మనసంతా వాటి మీదే. మా అన్నయ్యేమో మొదటి ఏడాదికి సీరియల్ సెట్లు చుట్టేస్తే చాలంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజోలు లైటింగ్:
మీ అన్నయ్య మాట వినండి. పిక్సెల్స్ పెట్టాలంటే పవర్ సప్లై (ఇంటి కరెంటును తక్కువ వోల్టేజికి దించే పెట్టె), కంట్రోలర్, వైరింగ్, సాఫ్ట్‌వేర్ అన్నీ నేర్చుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ధాన్యం తోలకాలు. తీరికేదండీ? సీరియల్ సెట్లయితే మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలవేళకు ఇల్లంతా వెలిగించేయొచ్చు.

గౌతమి ఒడ్డు:
తీరిక సంగతి నిజమే అన్నా. సీరియల్ సెట్లు తేలిక కాబట్టి క్షేమం కూడా అనుకుంటారే, అక్కడే నా పేచీ. బజార్లో దొరికే చవక సెట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 వోల్టులు నేరుగా ఆ సన్నటి తీగలోకే వెళతాయి. మన దగ్గర డిసెంబరు రాత్రి మంచుకే ఆకులు, గోడలు తడిసిపోతాయి. వాయుగుండం పడితే ఇక చెప్పక్కర్లేదు. కొబ్బరి మట్ట రాసుకుని తీగ తొడుగు లేచిన చోట ఏ పిల్లాడో చెయ్యి పెడితే? పిక్సెల్ తీగలో ఉండేది 5 లేదా 12 వోల్టులే. 230 పవర్ సప్లై దాకానే వస్తుంది, దాన్ని వరండాలో జల్లు కొట్టని చోట పెట్టుకోవచ్చు.

అందుకే కాలవగట్టు గారూ, పిక్సెల్సే కొనండి, కానీ గేటు వరకే. డబ్ల్యూఎస్2811 రకం, 5 వోల్టులవి, 100 లైట్ల తీగ ఒకటి, కంట్రోలర్‌గా ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు ఒకటి తెచ్చుకోండి. బోర్డులోకి డబ్ల్యూలెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఫోన్లోనే రంగులు మార్చుకోవచ్చు. ఒక్కో లైటు పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 100 లైట్లకు 6 ఆంపియర్లు, 30 వాట్లు. 10 ఆంపియర్ల పవర్ సప్లై తీసుకుంటే దాని మీద భారం పడదు. రాత్రిపూట మూడో వంతు వెలుగు పెట్టినా గేటు కళకళలాడుతుంది.

తీగకు ఒకవైపు నుంచే సిగ్నల్ వెళుతుంది. రెండో కొసకు బోర్డు కలిపితే ఒక్క లైటూ వెలగదు, పాడైన సరుకని షాపువాడి మీదకు వెళ్లకండి. చివరి లైట్లలో తెలుపు ఎర్రబారితే అక్కడికి వోల్టేజి చాలట్లేదని. పవర్ సప్లై నుంచే ప్లస్, మైనస్ వైర్లు ఇంకో జత ఆ కొసకు లాగాలి. పాటకు లైట్లు ఆడించే ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, కాకపోతే ఒక్క పాట కూర్చడానికే కొత్తవాళ్లకు చాలా రాత్రులు పడుతుంది. అది వచ్చే ఏడాదికి ఉంచండి.

రాజోలు లైటింగ్:
తమ్ముడూ, ఆ పవర్ సప్లై రేకు పెట్టెకు 230 బిగించే స్క్రూలు బయటికే ఉంటాయి. ఎర్తింగ్ లేని ఇంట్లో కొత్తవాడు అది బిగిస్తే పెట్టే షాక్ కొడుతుంది. పైగా మన ఉప్పుగాలికి ఆ స్క్రూలు ఎంతకాలం నిలుస్తాయి?

గౌతమి ఒడ్డు:
ఆ మాట ఒప్పుకుంటాను. రేకు పెట్టె వద్దు. 5 వోల్టులు, 10 ఆంపియర్లకు అన్నివైపులా మూసి ఉన్న అడాప్టర్లు దొరుకుతాయి, లాప్‌టాప్ ఛార్జర్‌లా ప్లగ్గు పెట్టుకోవడమే.

నరసాపురం వదిన:
ఏ లైట్లు కొన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. ఎంసీబీ ఉందిగా అని ధీమా పడొద్దు. అది షార్ట్ సర్క్యూట్‌కి, ఓవర్‌లోడ్‌కి పడిపోతుంది గానీ మనిషి గుండా కరెంటు పోతుంటే కనిపెట్టలేదు. స్టార్ కట్టే గెడ కరెంటు తీగలకు దూరంగా పాతండి, తడి వెదురు కూడా షాక్ కొడుతుంది. తీరిక గొడవ కూడా అక్కర్లేదు. నాట్లయ్యాక ఆగస్టు, సెప్టెంబరుల్లో వరండాలో కూర్చుని తీగ వెలిగించి చూసుకుంటే కోతల రోజుల్లో టెన్షన్ ఉండదు.

కాలవగట్టు ఇల్లు:
అందరికీ ధన్యవాదాలండీ. ముందు ఆర్‌సీసీబీ, తర్వాత గేటుకు 100 పిక్సెల్స్, మూసిన అడాప్టర్‌తో. స్టార్ ఎప్పటిలాగే. కొబ్బరి చెట్ల జోలికి ఈ ఏడాది వెళ్లను. డాబా పిట్టగోడ మాత్రం బోసిగా ఉంటుందేమో?

రాజోలు లైటింగ్:
పిట్టగోడకు సీరియల్ సెట్లే వేయండి, అడాప్టర్‌తో వచ్చే తక్కువ వోల్టేజివి. బయట వాడకానికి అని పెట్టె మీద రాసి ఉందో లేదో చూసి మరీ కొనండి.