సామర్థ్యంలో సగం వచ్చేసిందిగా, ఇంకా బొగ్గు ప్లాంట్లు ఎందుకు?

పొద్దుతిరుగుడు: 2025లో దేశంలోని స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజ ఇంధనాలు కానివే అయ్యాయి. 2030కి అలాంటిదే 500 గిగావాట్లు లక్ష్యం. అయినా నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ (బొగ్గు) ప్లాంటు అప్పు తెచ్చి కట్టారు. ఆ అప్పు మన బిల్లుల్లోంచే కదా తీరేది? కొత్త బొగ్గు ప్లాంట్లు ఇకనైనా ఆపాలి.

బాయిలర్ బాబాయ్: సామర్థ్యం వేరు, నిజంగా తయారయ్యే కరెంటు యూనిట్లు వేరు బాబూ. సోలార్ ప్లాంటు ఏడాది మొత్తమ్మీద తన సామర్థ్యంలో 20-25 శాతం ఇస్తే గొప్ప. తయారయ్యే కరెంటులో ఇప్పటికీ దాదాపు 70 శాతం బొగ్గుదే. 2024 మే 30న డిమాండ్ 250 గిగావాట్లు తాకినప్పుడు పగలు కాబట్టి ఎండ ఆదుకుంది. రాత్రి పదింటికి ఏసీలన్నీ ఆన్ అయితే?

పైగా థర్మల్ యూనిట్ ఫ్యాను స్విచ్ కాదు. మిట్టమధ్యాహ్నం బ్యాక్‌డౌన్ చెయ్యమంటారు, అంటే ఉత్పత్తి తగ్గించమంటారు, చీకటి పడేసరికి ఫుల్ లోడ్ కావాలంటారు. లోడ్ బాగా తగ్గిస్తే మంట నిలబడదు, ఆయిల్ పోసి నిలబెట్టాలి. రోజూ ఇలా పెంచుతూ దించుతూ ఉంటే బాయిలర్ ట్యూబులు ఎన్నాళ్లుంటాయి?

పొద్దుతిరుగుడు: అందుకేగా బాబాయ్ స్టోరేజీ! ఆంధ్రలోని పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉంది. పగలు నీళ్లు పైకి తోడడం, రాత్రి కిందికి వదలడం.

బాయిలర్ బాబాయ్: మంచిదే. శ్రీశైలం ఎడమగట్టున అలాంటి టర్బైన్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. కాకపోతే తోడిన కరెంటులో సుమారు ఐదో వంతు పోతుంది, ఇచ్చేదీ కొన్ని గంటలే.

మోటరు మల్లన్న: మీ ఇద్దరికీ ఒక మాట. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. కరెంటు రాగానే మోటరును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని అప్పుడే చెప్పారు, ఎవరు విన్నారు? అర్ధరాత్రి మడి నిండి గట్టు తెగినా మోటరు నడుస్తూనే ఉంటది. ఆ నీళ్లు తోడేది ఎక్కువగా బొగ్గు కరెంటే. అదే లోడు పగటికి మారిస్తే అంత మేర స్టోరేజీ అక్కర్లేదు. చీకట్లో పాము భయమూ ఉండదు. అన్నిటికంటే చవకైన బ్యాటరీ మన బోరుబావే.

కందిచేను: అన్నా, వినడానికి బాగుంది. పగలు తొమ్మిది గంటలని చెప్పి, మధ్యలో కోతలు పెట్టి ఏడే ఇస్తే? తర్వాత అదే వంకతో మీటర్లు పెడతారు.

మోటరు మల్లన్న: ఆ భయం నాకూ ఉంది. పగటి కరెంటు నికరంగా వస్తేనే ఎవరైనా ఆటో స్టార్టర్ పీకేది.

పావగడ పక్కూరు: భూమి సంగతి ఎవరూ ఎత్తరేం? కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు సుమారు 13,000 ఎకరాలు. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రైతులకు కౌలు ఇస్తున్నారు. వాన పడని నేలకు అది మంచి రాబడే, పట్టా ఉన్నవాళ్లకి. వేరుశనగ పీకి బతికే కూలీకి ఆ కౌలులో పైసా రాదు.

పొద్దుతిరుగుడు: నిజమే, అది నేను ఆలోచించలేదు. పలకల కింద గొర్రెలు మేపుకోనిస్తారా అక్కడ?